మూడు పాయింట్ల గీత వెనక ఒక వేసవి

మార్చి 23న మా బాస్కెట్‌బాల్ జట్టు ఆఖరి మ్యాచ్ ముగిసింది. మరునాడు ఉదయం కోచ్ మమ్మల్ని ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి మాట్లాడారు. నాకు పదిహేను నిమిషాలు కేటాయించారు కానీ మాట ఆరు నిమిషాల్లోనే అయిపోయింది. ఆయన ముందున్న కాగితంలో నా సీజన్ లెక్కలున్నాయి. మూడు పాయింట్ల షాట్లు, అంటే దూరపు గీత వెనక నుంచి వేసేవి, పదకొండు వేశాను, ఒకటి పడింది.

"గురి తప్పిన బంతులు అందుకోవడంలో, అదే రీబౌండ్లలో, నీకు తిరుగులేదు. కానీ నిన్ను బయట వదిలేసి అవతలి సెంటర్, అదే నిన్ను కాయాల్సిన పొడుగువాడు, హాయిగా రింగు కింద నిలబడుతున్నాడు. అయిదుగురం ఉండి నలుగురితో ఆడుతున్నట్టుంది" అన్నారు. మూడింటికి ఒకటి పడినా చాలని, అది రెండు పాయింట్ల షాట్లలో సగం వేసినదానితో సమానమని లెక్క చెప్పారు. జూలై 9న శిక్షణ శిబిరం మొదలవుతుంది, ఆ రోజు నా షాటు చూశాకే ఒప్పందం సంగతి తేలుస్తామన్నారు.

నాకు ఇరవై ఏడేళ్లు. ఆరడుగుల ఆరు అంగుళాల ఎత్తు. పద్నాలుగో ఏట బంతి పట్టిన రోజు నుంచీ నన్ను రింగు కిందే నిలబెట్టారు. దూరం నుంచి వేయమని ఒక్కరూ అడగలేదు, వేస్తే కేకలేసేవారు. ఇప్పుడు అదే రాదని పంపించేస్తారా అని ఆ రోజంతా కడుపు మండింది. ఈ ఏడాది ఇదే మాట విన్న పొడుగు ఆటగాళ్లు ఇంకొందరు ఉండే ఉంటారు. వాళ్లకు పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మార్చి 27 తెల్లవారుజామున పాలకొల్లులో రైలు దిగి చించినాడ వంతెన మీదుగా ఇంటికి చేరాను. మా ఊరు రాజోలుకు దగ్గర్లో ఉంది. సీజన్ లేని నెలల్లో మాకు జీతం ఉండదు, నగరంలో అద్దె కట్టుకుని ఉండే స్తోమత నాకు లేదు. ఇక్కడైతే అమ్మ వండి పెడుతుంది, పైగా నేను చదివిన బడిలో సిమెంటు కోర్టు ఉంది. మొదటి వారం బంతి ముట్టుకోలేదు. మోకాళ్లు ఆ వారం విశ్రాంతి అడిగాయి, ఇచ్చాను. అది తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఏప్రిల్ 4న మొదలుపెట్టాను. నాకు ఆట నేర్పిన డ్రిల్లు మాస్టారికి ఇప్పుడు డెబ్బై ఒకటి. పదవీ విరమణ చేసి చాలా కాలమైంది, మోకాళ్ల నొప్పులతో నడక తగ్గిపోయింది. సంగతి చెప్పగానే, "పొద్దున్న అయిదింటికి వస్తాను, నాకో కుర్చీ వేయించు" అన్నారు. బంతులు ఏరి అందించడానికి మా అన్నయ్య కూతురు ఒప్పుకుంది. దానికి పన్నెండేళ్లు. రోజుకో పుల్ల ఐసు దాని జీతం.

అయిదు చోట్ల నుంచి ఇరవయ్యేసి చొప్పున వంద షాట్లు వేసి, ఎన్ని పడ్డాయో రాసుకోవాలన్నది మా పద్ధతి. లెక్క మాస్టారిది. ఆయన ఒక గిన్నెలో వంద చింతపిక్కలు తెచ్చుకుని, బంతి పడినప్పుడల్లా ఒక పిక్కను పక్క గిన్నెలో వేసేవారు. మొదటి రోజు 38 పిక్కలు మారాయి. మూడో రోజుకు 42, వారం తిరిగేసరికి 46. నాలో ఎక్కడో ఒక షూటర్ దాక్కుని ఉన్నాడని, ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదని పొంగిపోయాను. కోచ్‌కు వీడియో కూడా పంపాను.

ఆయన నుంచి రెండు గంటల్లో ఫోను వచ్చింది. "నువ్వు ఏ గీత వెనక నిలబడ్డావు? మూలలో నీకు పక్కన అంత ఖాళీ ఎలా ఉంది?" అని అడిగారు.

ఏప్రిల్ 13న వడ్రంగి దగ్గర పొడుగాటి టేపు అరువు తెచ్చి కొలిచాం. గీత రింగు మధ్య నుంచి 6.25 మీటర్ల దూరంలో ఉంది. అంతర్జాతీయ నిబంధనల్లో 2010లోనే అది 6.75కు జరిగింది. మా కోర్టుకు ఆ రంగు అంతకు ముందే వేశారు, తర్వాత ఎవరూ మార్చలేదు. అంటే తొమ్మిది రోజులు అర మీటరు దగ్గర నుంచి వేసి సంబరపడ్డాను. టేపు చేతిలో ఉంది కదా అని రింగు ఎత్తు కూడా చూశాం. 3.05 మీటర్లు ఉండాల్సింది 2.99 ఉంది. వానాకాలం నీళ్లు నిలుస్తున్నాయని కోర్టు మీద ఇంకో పొర సిమెంటు పోశారట. నేల పైకి వచ్చింది, స్తంభం అక్కడే ఉంది.

ఎక్కడ సాధన చేసినా మొదటి రోజే టేపు పట్టుకుని కొలవండి. బంతిలో గాలి, రింగు ఎత్తు, గీత దూరం, మూడూ. నా తొమ్మిది రోజులు నాకు తిరిగి రాలేదు.

రంగు డబ్బా, కుంచె, దారం కలిపి 640 రూపాయలు. దారం కట్టి, సుద్దతో గుర్తులు పెట్టి, నేనూ అన్నయ్య కూతురూ ఒక రాత్రి కూర్చుని కొత్త గీత గీశాం. కోర్టు వెడల్పు పదిహేను మీటర్లే కాబట్టి మూలల్లో గీత 6.60 దగ్గర తిన్నగా వస్తుంది. దానికీ పక్క గీతకూ మధ్య మిగిలేది 90 సెంటీమీటర్లు. నా పాదాల సైజుకు అక్కడ నిలబడి, బంతి అందుకుని, గీత తొక్కకుండా వేయడం అంటే గట్టు మీద నడిచినట్టే. రింగు ఎత్తడానికి వెల్డింగ్ మనిషి రేపు వస్తానని నాలుగు రోజులు తిప్పి ఏప్రిల్ 17న వచ్చాడు. 1,800 తీసుకున్నాడు, పని మాత్రం నిక్కచ్చిగా చేశాడు.

కొత్త గీత, సరైన ఎత్తు. వందకు 31.

ఈలోగా దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు మొదలయ్యాయి. మా ప్రాంతంలో సిమెంటు నేల కనబడితే ధాన్యం ఆరబోస్తారు. తేమ 17 శాతానికి దిగితే గానీ కొనుగోలు కేంద్రంలో తీసుకోరు మరి. ఒక ఉదయం వెళ్లేసరికి కోర్టు నిండా రాశులు, పైన బరకాలు. ఆ రైతు మా నాన్నకు వరసకు తమ్ముడు. నేను నోరు తెరవకముందే, "నీకు ఒక రింగు వదిలేస్తాంరా అబ్బాయ్, బంతి మాత్రం గింజల్లోకి రానివ్వకు" అన్నాడు బాబాయ్. దాదాపు రెండు వారాలు సగం కోర్టులోనే సాధన. బంతి అటు దొర్లితే అన్నయ్య కూతురు అడ్డంగా పడుకుని ఆపేది. రాశి ఎత్తేశాక సిమెంటు మీద సన్నటి దుమ్ము మిగిలింది. దాని మీద బూటు జారి ఒకసారి తొడ కండరం పట్టేసింది, మూడు రోజులు పోయాయి. అప్పటి నుంచి ముందు చీపురు, తర్వాతే బంతి.

అసలు కష్టం ఏప్రిల్ 20 తర్వాత మొదలైంది. ఫోనులో సెకనుకు 240 చిత్రాలు తీసే నెమ్మది వీడియో ఉంటుంది. దాంతో నా షాటును పక్క నుంచీ వెనక నుంచీ తీసి కోచ్‌కు పంపాను. ఆయన రెండు తప్పులు చూపించారు. ఒకటి, బంతి వదిలే క్షణంలో నా ఎడమ బొటనవేలు దాన్ని పక్కకు నెడుతోంది. ఎడమ చెయ్యి బంతిని పట్టి ఉంచాలే తప్ప తోయకూడదు. రెండోది, బంతి మరీ చదునుగా వెళుతోంది. దీన్ని మాస్టారు నాకు లెక్క కట్టి చూపించారు. రింగు వ్యాసం 45 సెంటీమీటర్లు, బంతిది 24. పై నుంచి నిట్టనిలువుగా పడితే 45 మొత్తం దొరుకుతుంది. 45 డిగ్రీల వాలుగా వస్తే బంతికి కనిపించే నోరు 32 సెంటీమీటర్లు. 35 డిగ్రీలకు దిగితే 26 కూడా ఉండదు. "నువ్వు గుమ్మంలోంచి పోవడం మానేసి కిటికీలోంచి దూరుతున్నావు" అన్నారాయన.

అందుకని గీత వదిలేసి రింగుకు మూడడుగుల దూరంలో నిలబడి, ఒంటి చేత్తో వేయడం నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ఎడమ చెయ్యి వీపు వెనక. మోచెయ్యి బంతి కింద. మణికట్టు చివర్లో వంగి, వేళ్లు రింగులోకి చెయ్యి పెట్టినట్టు కిందికి రావాలి. రోజుకు రెండు వందలు అవే. రెండు చేతులూ వాడేటప్పుడు ఎడమ బొటనవేలినీ చూపుడువేలినీ కలిపి టేపు చుట్టాను. బొటనవేలికి నెట్టే వీలు లేకుండా చేయడానికి ఇది పాత ఉపాయం. అయిదేళ్లుగా జీతం తీసుకుని ఆడుతున్నవాడిని, ఎనిమిదో తరగతి పిల్లల మధ్య ఒంటి చేత్తో మూడడుగుల షాట్లు వేస్తుంటే సిగ్గుగా ఉండేది. పిల్లలు నవ్వలేదు. పక్కన నిలబడి వాళ్లూ ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని వేయసాగారు.

మే 2న మళ్లీ గీత వెనక్కి వెళ్లి వంద వేశాను. 19 పడ్డాయి.

మర్నాడు 22, ఆ తర్వాత 20. మే 6న మళ్లీ 19. పాత షాటు పోయింది, కొత్తది రాలేదు. నలభై రోజులు పోయాయి, అరవై మిగిలాయి. ఆ రాత్రి డాబా మీద పడుకుని నిద్రపోలేదు. కాలువలు కట్టేసిన రోజులు కావడంతో ఊరంతా నీళ్ల చప్పుడు లేకుండా ఉంది. ఆకు కదలని ఉక్కపోత. నాన్న లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయనకు ఆట గురించి తెలియదు. స్పోర్ట్స్ కోటాలో ప్రభుత్వ ఉద్యోగం చూసుకోమని మూడేళ్లుగా అంటున్నాడు. ఆ రాత్రి ఆ మాట ఎత్తలేదు. "కొబ్బరి మొక్క ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట నాటితే ముందు ఆకులు వాలుస్తుంది. నీళ్లు మానేస్తామా?" అని, విసనకర్ర నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నాకు ఏడుపు వచ్చింది. అది ఓదార్పు వల్లో, బడలిక వల్లో తెలియదు.

ఆ రోజుల్లోనే కోచ్ ఒక ఉదాహరణ పంపారు. అమెరికా లీగ్‌లో బ్రూక్ లోపెజ్ ఏడడుగుల సెంటర్. మొదటి ఎనిమిది సీజన్లలో కలిపి అతను వేసిన మూడు పాయింట్ల షాట్లలో పడినవి మూడే. 2016-17లో ఒక్క సీజన్‌లోనే 134 పడ్డాయి. అక్కడి గీత మాకంటే దూరం, 7.24 మీటర్లు. అతనికున్న వసతులు నాకు లేవని తెలుసు. అయినా 3, 134 అని రెండు అంకెలు నోటుపుస్తకం అట్ట మీద రాసుకున్నాను.

మే 14న కుడి మణికట్టు నొప్పితో రాజమహేంద్రవరం వెళ్లి ఫిజియోథెరపిస్టుకు చూపించుకున్నాను. రానూ పోనూ బస్సులో నాలుగు గంటలు, అక్కడ రెండు గంటల నలభై నిమిషాలు కూర్చోవడం, పరీక్ష పన్నెండు నిమిషాలు. ఫీజు 600. నరం వాచింది, రోజుకు 500 షాట్లు ఎక్కువ, 350 దాటవద్దు, వారంలో ఒక రోజు పూర్తిగా ఆపు అన్నారు. నేను ఎన్ని ఎక్కువ వేస్తే అంత మంచిదని అనుకున్నాను. అలిసిన చేత్తో వేసిన చివరి నూరు షాట్లు తప్పుడు పద్ధతినే గట్టిపరుస్తాయని ఆమె చెప్పింది. డబ్బు పెట్టి తెచ్చుకున్న సలహాల్లో దీనంత విలువైనది నాకు ఇంకొకటి దొరకలేదు. మొత్తం నాలుగుసార్లు వెళ్లాను.

మా దగ్గర గాలి గురించి కూడా చెప్పాలి. ఆరుబయట కోర్టులో తెల్లవారి అయిదుంబావు నుంచి ఏడున్నర వరకే గాలి ఉండదు. తర్వాత ఎండ, మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి. వంపు పెంచిన షాటు గాలికి తేలిగ్గా లొంగుతుంది. ఒక సాయంత్రం బాగా వేసిన బంతులు కూడా వరసగా రింగు ఎడమ అంచుకు తగులుతుంటే నా చెయ్యే తప్పనుకుని మోచెయ్యి మార్చబోయాను. మాస్టారు కొబ్బరి ఆకుల వైపు చూపించారు. ఆకులు అల్లాడుతుంటే ఆ రోజు షాట్లు లెక్కలోకి తీసుకోకూడదని నియమం పెట్టుకున్నాం. అలాంటప్పుడు డ్రిబ్లింగ్, స్క్రీన్ పెట్టి, అంటే అవతలివాడి దారికి అడ్డు నిలబడి, వెంటనే గీత వెనక్కి జరగడం, పాదాలు సర్దుకోవడం చేసేవాణ్ణి.

చెమట ఇంకో సమస్య. సాధనకు ముందూ తర్వాతా కాటా మీద నిలబడితే కిలోన్నర నుంచి రెండు కిలోల తేడా వచ్చేది. మా తోటలోవే రెండు కొబ్బరిబొండాలు, ఒక చెంబెడు ఉప్పు మజ్జిగ, తువ్వాళ్లు మూడు. తడిసిన బంతి చేతిలోంచి పక్కకు జారుతుంది, అందుకని బంతులు రెండు ఉండాలి. ఒకటి ఆరుతుంటే రెండోది వాడాలి. గరుకు సిమెంటు మీద బంతి పైతోలు అయిదు వారాల్లో నున్నబడింది. 3,200 పెట్టి ఇంకొకటి కొన్నాను. రోహిణి కార్తెలో రెండు పూటల సాధన మానేసి పొద్దున్న పూటే ఉంచుకున్నాను. మధ్యాహ్నాలు తాటిముంజలు, నిద్ర.

మే 19న 27. మే 24న 33. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా ఎక్కింది. జూన్ 3న 44 పడ్డాయి, అదీ అసలైన గీత వెనక నుంచి. ఆ రోజు ఒక మార్పు నాకు తెలిసింది. బంతి వదిలాక అది రింగుకు చేరకముందే పడుతుందో లేదో చేతికి తెలిసిపోతోంది. అన్నేళ్లు ఆడినా అంత దూరం నుంచి ఆ అనుభూతి నాకు ఎప్పుడూ కలగలేదు. అన్నయ్య కూతురు, "బాబాయ్, ఇవాళ నేను పెద్దగా పరిగెత్తలేదు" అంది. బంతులు రింగులోంచి నేరుగా కిందికే పడుతున్నాయి మరి.

జూన్ 12న బడి తెరిచారు. ప్రార్థన సమయానికి కోర్టు ఖాళీ చేయాలి. జూన్ 14, 15 తేదీల్లో భీమవరం వెళ్లి అక్కడి ఇంజనీరింగ్ విద్యార్థులతో మ్యాచ్‌లు ఆడాను. మూడు పాయింట్లవి పదమూడు వేశాను, రెండు పడ్డాయి. ఎదురుగా చెయ్యి లేకుండా, ఊపిరి నిలకడగా ఉన్నప్పుడు వేసేది వేరు. పరుగెత్తి వచ్చి, ఒక మనిషిని భుజంతో ఆపి, వెనక్కి జరిగి, మీదికి దూకుతున్నవాడి వేళ్ల పై నుంచి వేసేది పూర్తిగా వేరు. నా షాటు బంతి అందుకున్నాక చేతిలోంచి బయటపడటానికి ఒక సెకను దాటుతోందని వీడియోలో తెలిసింది. బంతిని నడుము దాకా దించుతున్నాను. పొడుగువాడు అందుకున్న బంతిని కిందికి తెస్తే పొట్టివాడికి అప్పగించినట్టే.

మిగిలిన మూడు వారాలూ అదే పని. మాస్టారు కుర్చీలోంచే గట్టిగా "ఒకటి" అనేవారు, ఆ మాట ముగిసేలోపు బంతి గాలిలో ఉండాలి. వీధిలో ఎత్తు ఉన్న కుర్రాణ్ణి పిలిచి చేతిలో చీపురు పట్టించి నా మీదికి ఉరికించాం. షాట్లకు ముందు కోర్టు అటూ ఇటూ నాలుగుసార్లు పరుగు. అంకెలు మళ్లీ 36కు పడ్డాయి. ఈసారి నాకు భయం వేయలేదు. వానలు మొదలై ఆరు ఉదయాలు కోర్టు నీళ్లలో ఉంది. మా వాకిట్లో గొడుగు కింద కూర్చుని బంతి పైకి వేసి పట్టుకుంటూ మణికట్టు మాత్రం మరిచిపోకుండా చూసుకున్నాను.

జూలై 6న బయల్దేరేనాటికి నోటుపుస్తకంలో 27,000 పైచిలుకు షాట్లు లెక్కకొచ్చాయి. ఖర్చు కూడా అందులోనే రాశాను. బంతులు రెండు 6,400, బూట్లు 8,500, రంగు, వెల్డింగ్ 2,440, ఫిజియో, బస్సులు 3,600, గుడ్లు, పాలు, పళ్లు 9,500. మొత్తం 30,440. జీతం రాని నెలల్లో ఇది నాకు చిన్న మొత్తం కాదు. ఇందులో సగం అమ్మ తను దాచుకున్న డబ్బులోంచి ఇచ్చింది.

జూలై 9న శిబిరంలో చెక్క నేల మీద వంద వేయించారు. మొదటి ఇరవైలో ఆరే పడ్డాయి. నేల ఎగుర వేస్తున్నట్టుంది, గాలి లేదు, పైకప్పు కింద రింగు దగ్గరగా కనిపిస్తోంది. ఆగి, బూటు అడుగులు తడి తువ్వాలుకు తుడుచుకుని, మాస్టారి "ఒకటి" మనసులో అనుకుంటూ వేశాను. వందకు 54. మ్యాచ్‌లా ఆడించినప్పుడు తొమ్మిదికి నాలుగు. కోచ్ ఏమీ అనలేదు, కాగితం మీద రాసుకున్నారు. ఆ తర్వాత ఎనిమిది రోజులు ఎదురుచూపు. శిబిరం సాగుతూనే ఉంది, ఒప్పందం మాట ఎవరూ ఎత్తలేదు. ఆ ఎనిమిది రోజులూ నాకు మే నెల కన్నా బరువుగా గడిచాయి.

జూలై 17 సాయంత్రం కాగితం వచ్చింది. ఒక సీజన్‌కే, పాత జీతమే. ముందు ఇంటికి, తర్వాత మాస్టారికి ఫోను చేశాను. ఆయన మొదట అడిగింది ఒప్పందం గురించి కాదు, "ఎడమ మూల నుంచి ఎన్ని?" అని. ఇరవైకి ఏడు అని చెప్పాను. "అది తక్కువ" అన్నారు.

నిజమే. అక్కడ నిలబడితే ఇప్పటికీ నా కుడి మడమ గీత మీదికి పోతోంది. శిబిరం అయ్యాక రోజూ నలభై షాట్లు అదనంగా అక్కడి నుంచే వేస్తున్నాను. బొటనవేలికి టేపు ఇంకా తీయలేదు.